పిస్టల్ సులువుగా విప్పాలంటే పొడవాటి గైడ్ రాడ్ దండగ

సంపాదకులకు,

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లలో రేంజ్‌కి వెళ్లి పిస్టల్ కాల్చడం నేర్చుకునేవారు చాలామంది మీ పత్రికను ఆన్‌లైన్‌లో చదువుతుంటారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం. 1911 మోడల్ పిస్టల్ కొత్తగా కొన్నవారికి తరచూ ఒక సలహా దొరుకుతుంది. లోపలి స్ప్రింగుని పట్టి ఉంచే పొట్టి గైడ్ తీసేసి పొడవాటి గైడ్ రాడ్ వేయించుకుంటే విప్పడం తేలికవుతుందని, గురి కూడా కుదురుతుందని చెబుతారు. ఐదంగుళాల బ్యారెల్, ముందు బుషింగ్ (బ్యారెల్ మూతిని పట్టి ఉంచే రింగు) ఉన్న 1911 విషయంలో మేం ఈ సలహాతో ఏమాత్రం ఏకీభవించం.

జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన ఈ పిస్టల్‌ని అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. ఆ డిజైన్‌లో గైడ్ పొట్టిది. స్లైడ్‌ని, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగాన్ని, ముందుకి తోసే స్ప్రింగు వెనక కొసను సరైన చోట నిలబెట్టడమే దాని పని. ముందు కొసకి టోపీలా ఒక ప్లగ్ ఉంటుంది. ప్లగ్‌ని బొటనవేలితో లోపలికి నొక్కి, రెండో చేత్తో బుషింగ్‌ని పావు చుట్టు తిప్పితే స్ప్రింగు బిగువు వదులుతుంది. పనిముట్టు ఏదీ అక్కర్లేదు.

పొడవాటి రాడ్ వేయగానే ఈ సుఖం పోతుంది. రాడ్ బయటికి రావాలి కాబట్టి ప్లగ్‌కి ముందువైపు రంధ్రం ఉంటుంది. నొక్కబోతే బొటనవేలికి రాడ్ మొన అడ్డొస్తుంది. రాడ్ చుట్టూ మిగిలిన సన్నటి అంచును మాత్రమే నొక్కాలి. దానికి బుషింగ్ రెంచ్ కావాలి. రెంచ్ జారిందంటే ప్లగ్, స్ప్రింగు కలిసి ముఖం మీదికి ఎగురుతాయి. పొట్టి గైడ్ ఉన్నా ఈ ప్రమాదం పూర్తిగా తప్పదు కాబట్టి, ఏ రకం విప్పుతున్నా కళ్లద్దాలు పెట్టుకోవాలి, ప్లగ్ మీది వేలు ఒక్కసారిగా తీసేయకూడదు.

రెండు ముక్కల రాడ్‌లు కూడా ఉన్నాయి. ముందు భాగాన్ని హెక్స్ కీతో విప్పి తీసేస్తే, మిగతా పని పాత పద్ధతిలోనే నడుస్తుంది. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, కాల్చేకొద్దీ అదురుకి ఆ మర వదులవుతుంది. వదులు కాకుండా మర లాకర్ జిగురు పూస్తే, తర్వాత విప్పేటప్పుడు కీ మీద బలం పెట్టాలి. దేనికోసం కొన్నామో అదే పోయిందన్నమాట. ఇప్పటికే ఇలాంటి రాడ్ ఉన్నవారు రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ, కాల్చబోయే ముందు పిస్టల్ ఖాళీ చేసి మరను ఒకసారి బిగించి చూసుకోండి.

ఇక గురి సంగతి. గుండు పేలే క్షణంలో బ్యారెల్‌ని స్థిరంగా పట్టి ఉంచేవి ముందు బుషింగ్, పైన స్లైడ్ గాడుల్లో కూర్చునే బ్యారెల్ లగ్గులు (పొడుచుకొచ్చిన గట్లు), కింద బ్యారెల్‌కి వేలాడే లింకు, దాని రంధ్రంలోంచి దూరే స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ని వెనక ఆపే మీట) పిన్ను. గైడ్ రాడ్ ఈ పట్టులో ఎక్కడా లేదు. టంగ్‌స్టన్ రాడ్ వేస్తే ముందు బరువు పెరిగి మూతి ఎగరడం కొంత తగ్గుతుంది, అది నిజమే. బరువు కోసం కొంటే కొనండి, విప్పడం సులువవుతుందని మాత్రం కొనకండి.

ఒక్క ముక్క రాడ్ ఉన్న పిస్టల్ చేతిలో ఉండి రెంచ్ లేకపోతే, చాలావాటికి ఇంకో దారి ఉంది. మ్యాగజైన్ తీసి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, చిటికెనవేలు పెట్టి కూడా తడిమి చూశాక మొదలుపెట్టండి. మీరు కూర్చుని విప్పే గదిలో మందుగుండు అసలు ఉండకూడదు. బుషింగ్ జోలికి పోకుండా, స్లైడ్‌ని వెనక్కి లాగి, దాని ఎడమ పక్కనున్న చిన్న అర్ధచంద్రపు గాడి స్లైడ్ స్టాప్ ఎదురుగా వచ్చేలా పట్టుకోండి. కుడి పక్క నుంచి పిన్నుని నొక్కి స్లైడ్ స్టాప్ బయటికి లాగండి. స్లైడ్‌ని ముందుకి వదిలేటప్పుడు అరచేయి తీయొద్దు, స్ప్రింగు దాన్ని తోస్తూనే ఉంటుంది. స్లైడ్ కిందనున్న ఫ్రేమ్ నుంచి బయటికి వచ్చేసరికి ఆ బిగువు చాలావరకు పోయి, రాడ్, స్ప్రింగు వెనక నుంచి బయటికి వస్తాయి. ఆ తర్వాత బుషింగ్ వేళ్లతోనే తిరుగుతుంది.

తిరిగి బిగించేటప్పుడే అసలు కష్టం. స్ప్రింగు ముందుకి నెడుతుంటే ఒక చేత్తో స్లైడ్ పట్టుకుని, రెండో చేత్తో స్లైడ్ స్టాప్ పిన్ను లింకు రంధ్రంలోంచి దూర్చాలి. కొత్తవారి పిస్టళ్ల మీద ఎడమ పక్క వంపు గీత పడేది ఇక్కడే. స్లైడ్ స్టాప్‌ని ఫ్రేమ్‌కి ఆనించి పక్క నుంచి లాక్కొస్తే గీత పడుతుంది. పిన్ను లింకులో దిగాక స్లైడ్ స్టాప్ తోకను కింది నుంచి పైకి తెచ్చి గాడి ఎదురుగా నొక్కితే పడదు.

బుషింగ్ లేని పొట్టి మోడళ్ల సంగతి వేరు. మూడంగుళాల కింబర్ అల్ట్రా వంటి వాటిలో బ్యారెల్ మూతి దగ్గర లావుగా ఉండి నేరుగా స్లైడ్‌లోనే కూర్చుంటుంది, ప్లగ్ లోపలి నుంచి ఎక్కుతుంది. వీటికి పొడవాటి రాడ్ తప్పనిసరి. ఇక్కడ మాత్రం ఏ రాడ్ అన్నది నిజంగా ఆలోచించాల్సిందే, అడ్డంగా చిన్న రంధ్రం ఉన్నదే తీసుకోవాలి. స్లైడ్‌ని వెనక లాక్ చేసి ఆ రంధ్రంలో ఎల్ ఆకారపు పిన్ను పెట్టి, స్లైడ్‌ని మెల్లగా ముందుకి వదిలితే స్ప్రింగు రాడ్ మీదే బందీ అవుతుంది. ఇక స్లైడ్ స్టాప్ ఏ బలమూ లేకుండా వస్తుంది. చాలామంది పేపర్ క్లిప్ వంచి వాడతారు. క్లిప్పు తీగ మెత్తన, ఈ స్ప్రింగు మాత్రం గట్టిది. తీగ వంగి జారిందంటే రాడ్ మొత్తం వెనక్కి ఎగురుతుంది. పిస్టల్‌తో ఇచ్చిన పిన్ను పారేయకుండా దాచుకోండి, లేకపోతే రంధ్రానికి సరిపోయే గట్టి ఉక్కు పిన్ను సంపాదించండి. పనిముట్టు లేకుండా స్ప్రింగుని తనంతట తానే పట్టే రాడ్‌లు కూడా దొరుకుతున్నాయి. ఖరీదెక్కువే అయినా తరచూ విప్పి శుభ్రం చేసేవారికి డబ్బులు వృథా కావు.

ఏ రాడ్ వేసినా బ్యారెల్ పొడవుకి తగ్గది వేయాలి. ఐదంగుళాల రాడ్‌ని 4.25 అంగుళాల బ్యారెల్ ఉండే 1911 పొట్టి మోడల్ కమాండర్‌లో పెడితే కుదరదు. స్ప్రింగు బిగువూ అంతే: .45 క్యాలిబర్‌లో ఐదంగుళాలకి మామూలుగా 16 పౌండ్లు, కమాండర్‌కి 18 పౌండ్లు. మార్చాక ఒక పరీక్ష చేయండి. ముందు స్ప్రింగు లేకుండా స్లైడ్‌ని పూర్తిగా వెనక్కి లాగి, అది ఆగిన చోట ఫ్రేమ్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాత స్ప్రింగు వేసి లాగండి. గుర్తు దాకా రాకపోతే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఆగిపోతున్నాయని అర్థం. అలాగే వాడితే ఖాళీ తూటా సరిగ్గా బయటపడదు, తర్వాతి తూటా ఎక్కదు. గైడ్ తల దగ్గర పెట్టే ప్లాస్టిక్ బఫర్ కూడా ఈ ప్రయాణాన్నే తగ్గిస్తుంది. లాక్ అయిన స్లైడ్‌ని చేత్తో లాగి వదిలినా ముందుకు పోకపోతే ముందు ఆ బఫర్ తీసేసి చూడండి.

1911 కాకుండా గ్లాక్ కంపెనీ పిస్టల్ వాడేవారికి మా సలహా చిన్నది: మార్చకండి. దాని స్ప్రింగు, రాడ్ ఒకే ముక్కగా, బిగువు పట్టి ఉంచేలా ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. ఉక్కు రాడ్ వేసి విడి స్ప్రింగు పెడితే బిగించడం ఇంకా కష్టమవుతుంది. పైగా చాలా మోడళ్లలో మూడో తరం, నాలుగో తరం రాడ్, స్ప్రింగులు ఒకదానికొకటి నేరుగా సరిపోవు. బిగించేటప్పుడు రాడ్ మడమ బ్యారెల్ లగ్గు కిందున్న అర్ధచంద్రపు గంటులో కూర్చుందో లేదో చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, గ్లాక్‌ని విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాలి. ఛాంబర్‌లో తూటా మిగిలి ఉంటే అది అక్కడే పేలుతుంది. రెండుసార్లు చూశాకే నొక్కండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు ఉన్న పాఠకులకి ప్రత్యేకంగా ఒక మాట. అమెరికాలో గైడ్ రాడ్ మామూలు విడిభాగం, ఎవరైనా కొనుక్కోవచ్చు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఆయుధ భాగాలను కూడా ఆయుధాల కిందే లెక్కేస్తుంది. దిగుమతికి లైసెన్సు కావాలి. అక్కడున్న అన్నకో అల్లుడికో చెప్పి సూట్‌కేసులో రాడ్ తెప్పించుకోవడం చిన్న విషయం కాదు, తెచ్చినవారూ తెప్పించుకున్నవారూ ఇద్దరూ ఇరుక్కుంటారు. భాగం అరిగిపోతే లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరికే తీసుకెళ్లండి.

ఇట్లు,
టెక్సాస్‌లో పిస్టల్ షూటింగ్ నేర్పే కొందరు తెలుగువారు