పేజీలో బూడిద రంగు గుర్తు ఎందుకు వస్తోందంటే

చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లను నడిపే మా ప్యానెల్ వాడుతున్న రొయ్యల రైతులందరికీ నమస్కారం.

కొత్త ప్రోగ్రాం ఎక్కించిన దగ్గర నుంచి ఫోనులో ప్యానెల్ పేజీ తెరిస్తే అప్పుడప్పుడు ఆకుపచ్చ గుర్తు పోయి, బూడిద రంగులో ‘సమాచారం అందడం లేదు’ అని కనిపిస్తోందని చాలామంది ఫోన్ చేస్తున్నారు. పాతదే నయం, ఎప్పుడూ ఇలా చూపించేది కాదని కొందరు గట్టిగానే అన్నారు. ఆ గుర్తు మేము కావాలని పెట్టిందే, తీసేయబోవడం లేదు. కారణం మీకు వివరంగా చెప్పాలి.

ప్యానెల్ పెట్టెలో రెండు చిప్పులున్నాయి. మోటార్లను నడిపేది ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్. మోటారుకు కరెంటు కలిపి, తెంచే కాంటాక్టర్లను (పెద్ద స్విచ్చులను) వేయడం, తీయడం, ఒక ఫేజు పోతే మోటారు కాలిపోకుండా ఆపడం దాని పని. మీ ఫోనుకు పేజీ చూపించేది ఈఎస్పీ8266 అనే వైఫై మాడ్యూల్. చిన్న వెబ్ సర్వర్ అందులోనే నడుస్తుంది. ఈ రెండింటినీ కలిపేవి మూడే తీగలు: ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి, మూడోది గ్రౌండు. మీరు పేజీలో చూసే ప్రతి అంకె ఆ తీగ మీద ఒక్కో బిట్టుగా (0 లేదా 1గా) నడిచి రావాల్సిందే.

ఒకే చిప్పుతో తక్కువ ధరకు ఇచ్చేవాళ్లున్నారు, మీరెందుకు రెండు పెడతారని అడుగుతున్నారు. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామున. రాత్రంతా రొయ్యలతో పాటు నీటిలోని ప్లాంక్టన్ కూడా దాన్ని పీల్చుకుంటుంది. ఆ వేళ వైఫై మాడ్యూల్ మొరాయించినా, రౌటర్ ఆగిపోయినా ఏరియేటర్ తిరుగుతూనే ఉండాలి. పేజీ పోతే పోనీ, మోటారు ఆగకూడదు. ఈ విషయంలో ధర కోసం వెనక్కి తగ్గే ఆలోచన మాకు లేదు.

రెండు చిప్పులన్నాక వాటి మధ్య తీగ మీద నమ్మకం ఉండాలి. చిక్కంతా అక్కడే ఉంది. కాంటాక్టర్ పడినప్పుడు, లేచినప్పుడు దానిలోని తీగచుట్ట (కాయిల్) నుంచి పుట్టే విద్యుత్ కుదుపు ఈ సన్నని తీగల్లోకి కూడా చొరబడుతుంది. కంప్యూటర్ భాషలో ‘1’ అనే అక్షరం 00110001, ‘0’ అనే అక్షరం 00110000. తేడా ఒక్క బిట్టే. ‘1’ అంటే మోటారు వేయి, ‘0’ అంటే ఆపు అని పెట్టుకుంటే, ఒక్క కుదుపుతో మాట తలకిందులవుతుంది. అందుకే కొత్త ప్రోగ్రాంలో ప్రతి సందేశానికీ ఒక వరుస సంఖ్య, చివర సీఆర్‌సీ అనే సరిచూపు అంకె ఉంటాయి. లెక్క సరిపోకపోతే ఆ సందేశాన్ని పూర్తిగా వదిలేస్తుంది. మీరు మీట నొక్కినప్పుడు మైక్రోకంట్రోలర్ నుంచి ‘అందింది, చేశాను’ అని జవాబు వచ్చాకే మీట రంగు మారుతుంది. ఆ కాస్త ఆలస్యం అందువల్లే.

రెండు చిప్పుల మధ్య సందేశాలు పంపే వేగం కూడా తగ్గించాం. మైక్రోకంట్రోలర్‌కు గడియారంలా పనిచేసే మా 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో సెకనుకు 115200 బిట్ల వేగం పెడితే అసలు వేగం అనుకున్నదానికి 2 శాతానికి పైగా పక్కకు పోతుంది. 38400 దగ్గర ఆ తేడా 0.2 శాతమే. మా సందేశం 24 బైట్లు, ఆ వేగంతో 7 మిల్లీసెకన్ల లోపే చేరుతుంది. అంతకంటే తొందర మనకు అవసరం లేదు.

ఇప్పుడు బూడిద రంగు సంగతి. సరైన సందేశం సెకనుకొకటి రావాలి. 5 సెకన్లపాటు ఒక్కటీ రాకపోతే పేజీ బూడిద రంగుకు మారి, చివరిగా సమాచారం అందిన సమయం చూపిస్తుంది. మోటారు ఆగిందని దాని అర్థం కాదు, మోటారు సంగతి ఆ క్షణాన పేజీకి తెలియదని మాత్రమే. మునుపటి ప్రోగ్రాంలో తీగ ఊడిపోయినా పేజీ చివరిసారి విన్నదే చూపిస్తూ కూర్చునేది. ఏరియేటర్ ఆగి అరగంటయినా ఆకుపచ్చగానే కనిపించే వీలుండేది. లక్షల రూపాయల పంట మీద అలాంటి ఆకుపచ్చను మేము చూపించలేం.

అలాగని గుర్తు మాటిమాటికీ రావడం మంచిది కాదు. పాత బోర్డుల్లో అది ఎక్కువగా రావడానికి ఒక కారణం ఉంది. ఏటీమెగా 5 వోల్టుల మీద నడుస్తున్నప్పుడు, 3 వోల్టులు దాటిన సంకేతాన్నే ఖాయంగా ‘1’గా తీసుకుంటుంది. మాడ్యూల్ పంపేది 3.3 వోల్టులు. మిగిలేది 0.3 వోల్టే, మోటార్ల పక్కన అది చాలా తక్కువ. కొత్త బోర్డుల్లో మధ్యన హెచ్‌సీటీ రకం బఫర్ చిప్పు పెట్టాం. దానికి 2 వోల్టులు దాటితే చాలు, బయటికి పూర్తి 5 వోల్టులు ఇస్తుంది. పాత ప్యానెళ్లకు ఈ చిప్పును మేమే వచ్చి ఉచితంగా అమరుస్తాం. కొత్తగా కొనేవారికి మాత్రం ధర కొంత పెరుగుతుంది.

గుర్తు ఎక్కువగా వస్తున్న చెరువులకు ముందు వస్తాం. అప్పటివరకు ఒక్క సాయం చేయండి: బూడిద రంగు వచ్చిన సమయం, అప్పుడు ఏ మోటారు వేశారో లేదా ఆపారో చీటీ మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. కుదుపు ఏ కాంటాక్టర్ నుంచి వస్తోందో మా మెకానిక్ దాన్ని బట్టి పట్టుకోగలడు. రాత్రి కాపలా మనిషిని మాత్రం ఈ పేజీని చూసి మానిపించకండి.