ఈ వసంతంలో ఓక్ దుంగలు ఇవ్వడం లేదు

అందరికీ నమస్కారం. షిటాకే పుట్టగొడుగులు పెంచుకునే ఓక్ చెట్టు దుంగలకు ముందే డబ్బు కట్టిన మన నార్త్ కరోలినా కేరీ, మోరిస్‌విల్ ఊళ్ల వాళ్లందరికీ ఈ మాట. ఈ ఏడాది దుంగలు ఇవ్వడం లేదు. మీ డబ్బు ఈ వారంలోనే మొత్తం వెనక్కి పంపుతున్నాను.

కారణం కట్టె. నేను అడిగింది చలికాలం చివర, చిగుళ్లు రాకముందు కొట్టిన వైట్ ఓక్. అప్పుడు చెట్టు దాచుకున్న చక్కెరలన్నీ కట్టెలోనే ఉంటాయి, బెరడు గట్టిగా పట్టుకుని ఉంటుంది. కొట్టిన కొద్ది వారాల్లోనే రంధ్రాలు వేసి, పుట్టగొడుగు విత్తనం పట్టించిన చెక్క బిరడాలు దిగ్గొట్టి, పైన మైనం పూసేయాలి. ఏళ్లుగా నమ్మి కొంటున్న కట్టెల వ్యాపారి మార్చిలో మా ఇంటి ముందు దించినవి చూస్తే నోట మాట రాలేదు. కోసిన చివర్లన్నీ నెర్రెలిచ్చాయి. గోటితో గీరితే బెరడు ఊడి వస్తోంది. కొన్నిటి మీద టర్కీ టెయిల్ అనే చారల పుట్టగొడుగు అప్పటికే చిన్న చిన్న రెక్కలుగా లేచింది. అంటే మనం విత్తనం పెట్టకముందే ఆ కట్టెను ఇంకొకటి ఆక్రమించేసింది. గట్టిగా అడిగితే, పోయినేడు గాలివానకు పడిపోయిన చెట్లని ఒప్పుకున్నాడు. పైగా "ఓక్ అడిగారు, ఓక్‌నే ఇచ్చాను" అన్నాడు. చలిమంటకైతే నేనూ అదే అనేదాన్ని.

నానబెడితే సరిపోదా అని కొందరు అడిగారు. నానబెడితే తడి తిరిగొస్తుంది కానీ లోపల పాకిన ఆ వేరే పుట్టగొడుగు పోగులు పోవు.

బిరడాలు అప్పటికే కొని ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంట్లోవాళ్లు, స్నేహితులు "పెట్టేసి ఇచ్చెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నారు. నిజమే, తెలియదు. దుంగ మొదటి కాపుకు రావడానికి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా పడుతుంది. అన్నాళ్లూ మీరు నీడన పెట్టి, వానలు లేనప్పుడు తడిపి, చివరికి ఏమీ మొలవకపోతే నన్ను అనేవారు కాదు. నీళ్లు సరిగ్గా పోయలేదేమో, ఎండ తగిలిందేమో అని మిమ్మల్ని మీరే అనుకునేవారు. ఆ టెన్షన్‌తో నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. నా చేతుల మీదుగా వెళ్లిన దుంగకు మీరు నింద మోయడం నాకు ఇష్టం లేదు.

స్వీట్‌గమ్ అనే వేరే చెట్టు దుంగలు వెంటనే దొరుకుతాయని తెలిసినవాళ్లు చెప్పారు. వాటి మీదా షిటాకే వస్తుంది, త్వరగానే వస్తుంది. కానీ ఓక్ అంత కాలం కాయవు. ఓక్ ఇస్తానని డబ్బు తీసుకుని స్వీట్‌గమ్ అంటగట్టడానికి మనసొప్పలేదు. మొండితనం అంటే అనండి.

పాత దుంగలు ఉన్నవాళ్లకు ఏ బెంగా అక్కర్లేదు, అవి మంచి కట్టె. 4 అంగుళాల లావు దుంగ సుమారు నాలుగేళ్లు కాస్తుంది. మొదటి కాపు అయిపోయినవాటిని చల్లటి నీళ్లలో 24 గంటలు ముంచి తీయండి. నేల మీద పడుకోబెట్టకండి.

వచ్చే చలికాలం చెట్టు కొట్టే రోజున నేనే వెళ్లి దగ్గరుండి చూస్తాను. డబ్బు వద్దు, దుంగే కావాలి అనేవాళ్లు చెప్పండి, మీ పేర్లే ముందు రాసుకుంటాను, ధర ఇదే. ఆ వ్యాపారి దగ్గర మాత్రం ఇక కొనను, సగం ధరకు ఇస్తానన్నా సరే.