గుర్రం ఎక్కబోతున్న సూర్యనారాయణకు

శ్రీకాకుళం

ప్రియమైన సూర్యనారాయణకు,

నీ ఉత్తరం అందింది. హైదరాబాదులో ఉన్న అమ్మాయి నిన్ను గుర్రపు స్వారీ శిక్షణలో చేర్పించిందని చదివి ఎంత సంతోషించానో, ఆ కింది పేరా చదివి అంత బాధపడ్డాను. 90 కిలోల మనిషి గుర్రమెక్కితే చూసినవాళ్ళు నవ్వుతారనీ, అంతకు మించి ఆ మూగజీవి నడుము దెబ్బతింటుందేమోననీ రాశావు; అందుకని రాత్రి భోజనం మానేశానని కూడా రాశావు. నవ్వేవాళ్ళ గురించి నాకు చింత లేదు, నువ్వూ పెట్టుకోకు. రెండో భయం మాత్రం మంచి మనసున్నవాడికి కలగవలసిన భయమే కనుక, పశువుల ఆసుపత్రిలో ఇన్నేళ్ళు పనిచేసినవాడిగా నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను.

నీ బరువు ఎక్కువా తక్కువా అన్నది నువ్వు ఎక్కే గుర్రాన్ని చూడకుండా ఎవరూ చెప్పలేరు. స్వారీ తెలిసినవాళ్ళు సాధారణంగా పాటించే లెక్క ఏమిటంటే, మనిషి, అతని దుస్తులు, జీను, మిగతా సరంజామా అన్నీ కలిపి గుర్రం బరువులో అయిదోవంతు, అంటే 20 శాతం, దాటకూడదు. అమెరికాలోని ఒహాయోలో 8 గుర్రాల మీద జరిపిన ఒక పరిశీలన 2008లో వెలువడింది. గుర్రాల బరువులో 15, 20, 25, 30 శాతం చొప్పున మోయించి చూస్తే, 25 శాతం దగ్గర నుంచి గుండె వేగం, కండరాల నొప్పి పెరగడం కనిపించింది. నడుము వెడల్పుగా ఉన్న గుర్రాలకు ఆ నొప్పి తక్కువగా ఉందన్న సంగతి కూడా అందులో తేలింది. ఎనిమిదే గుర్రాలు కనుక దీన్ని శాసనంగా తీసుకోనక్కరలేదు గాని, అనుభవజ్ఞుల మాటకు ఇది బలమిచ్చింది.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. నువ్వు 90 కిలోలు, దుస్తులు, బూట్లు, శిరస్త్రాణం కలిపి 2 కిలోలు, సాధారణ జీను, దాని సామగ్రి 8 కిలోలు అనుకుంటే మొత్తం 100 కిలోలవుతుంది. అంటే నీకు 500 కిలోల గుర్రం కావాలి. అలాంటి గుర్రాలు లేకపోలేదు. పందేల నుంచి విశ్రాంతి పొంది శిక్షణా కేంద్రాలకు వచ్చే థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాలలో చాలావాటి బరువు దాదాపు అంతే ఉంటుంది. అయితే పందెంలో పరుగెత్తిన గుర్రానికి చురుకుదనం ఎక్కువ కనుక, బరువుతో పాటు నెమ్మదితనం కూడా చూసి ఇవ్వమని నువ్వే అడగాలి.

ఈ లెక్కలో ఒక కిలో తగ్గితే గుర్రం వైపు అయిదు కిలోల వెసులుబాటు దొరుకుతుంది. ఆ మాట విని నువ్వు మధ్యాహ్న భోజనం కూడా మానేస్తావేమోనని నా భయం. దయచేసి అలా చేయవద్దు. నీరసంతో కళ్ళు తిరిగి గుర్రం మీద నుంచి పడటం కంటే, తగిన గుర్రం దొరికేదాకా ఒక నెల ఆగడం వెయ్యి రెట్లు నయం. ఆ నెలలో రోజూ నడిచి, తొడలకు, నడుముకు బలమిచ్చే వ్యాయామాలు చేస్తే అది గుర్రానికే ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే ఎంత బరువు పడుతుందన్న దానితో పాటు ఆ బరువు ఎలా కూర్చుంటుందన్నది కూడా వీపుకు తెలుస్తుంది. కావడి మోసేవాణ్ణి అడుగు, నిలకడగా ఉన్న కుండ కంటే అటూ ఇటూ ఊగే కుండ ఎంత ఎక్కువ అలసట తెస్తుందో చెబుతాడు. కొత్తగా ఎక్కినవాళ్ళు గుర్రం కాస్త వేగం అందుకోగానే జీను మీద ఎగిరెగిరి పడతారు. అందువల్ల నీ మొదటి పాఠాలు నడకతోనే, అరగంటకు మించకుండా సాగాలి.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది నీ మరో ఆలోచన గురించి. హైదరాబాదు వెళ్ళేముందు భయం పోగొట్టుకోవడానికి విశాఖ సముద్రపు ఒడ్డున సవారీకి తిప్పే గుర్రం మీద ఒక చుట్టు తిరుగుతానన్నావు. వద్దు సూర్యనారాయణా. అక్కడ నీ ముందుకు వచ్చేది చిన్న గుర్రమైతే, దాన్ని కొలిచి చూడు. దర్జీ టేపుతో ముందు కాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలత, భుజపు ముందు మొన నుంచి పిరుదు చివరి దాకా పొడవు సెంటీమీటర్లలో తీసుకుని, చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, ఆపై పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే సుమారు బరువు కిలోలలో వస్తుంది. చుట్టుకొలత 165, పొడవు 150 ఉంటే 344 కిలోలు తేలుతుంది. అది జీనుతో సహా 69 కిలోలు మోయగలదు. పైగా ఇసుకలో నడక దానికి అదనపు శ్రమ, ఎండ మరొకటి. మన చట్టం కూడా ఈ జీవుల గురించి ఆలోచించింది. జంతువులను హింసించడాన్ని నిరోధించే 1960 నాటి చట్టం మితిమీరిన స్వారీని, మితిమీరిన బరువును క్రూరత్వంగా పరిగణిస్తుంది. 1965 నాటి నియమాలు బరువు మోసే పొట్టి గుర్రానికి 70 కిలోల హద్దు పెట్టి, 37 డిగ్రీలు దాటిన ఎండలో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించకూడదన్నాయి. అవి సరుకు మోసే జంతువుల కోసం రాసినవే అయినా, మనసున్న సవారీదారు వాటిని తనకూ వర్తింపజేసుకోవచ్చు.

నేను పనిచేసిన రోజుల్లో పెళ్ళి ఊరేగింపు గుర్రాల వీపుల మీద పుండ్లు పడి ఉండడం చాలాసార్లు చూశాను. ఎక్కినవాళ్ళలో చాలామంది సన్నటి పెళ్ళికొడుకులే. ఆ పుండ్లు బరువు వల్ల కాక, వెన్నెముకను ఒరుసుకునే జీను వల్ల, కింద వేసిన మురికి గుడ్డ వల్ల వచ్చినవి. కాబట్టి జీను గుర్రానికి సరిపోయిందా, వెన్నెముక మీద కాక దానికి ఇరువైపులా బరువు పంచుతోందా అని అడుగు. నువ్వు కూర్చునే భాగం నీకు ఇరుకుగా ఉంటే పెద్దది తెమ్మను. నేల మీద నుంచి రికాబులో, అంటే జీను పక్కన వేలాడే కడియంలో, కాలు పెట్టి ఎక్కితే బరువంతా ఒక పక్కకు లాగి వీపును మెలిపెడుతుంది; దిమ్మ మీద నిలబడి ఎక్కడం అందరికీ మంచిదే, అందులో నామోషీ ఏమీ లేదు. ఎక్కాక గుర్రం చెవులు వెనక్కి అణచడం, తోక విసురుతూ ఉండడం, వీపు కుంగదీయడం, అడుగు తడబడడం కనిపిస్తే వెంటనే దిగిపో.

శిక్షణా కేంద్రం వాళ్ళకు నీ బరువు దాచకుండా చెప్పు. అలాంటి కేంద్రాలు తమ దగ్గరున్న గుర్రాలను బట్టి హద్దు పెట్టుకోవడం మామూలే. తగినది లేదంటే అది నీకు అవమానం కాదు, వాళ్ళ నిజాయితీ. నువ్వు చీపురుపల్లిలోనే ఉన్నావు కనుక, గరివిడి పశువైద్య కళాశాల వారిని కలిసి గుర్రం నడుము, కాళ్ళ ఎముకల బలం చూసి తెలుసుకోవడం ఎలాగో అడగవచ్చు; నేను కూడా నీతో వస్తాను. బూట్లకు కొద్దిపాటి మడమ ఉండాలి, లేకపోతే పాదం రికాబు గుండా ముందుకు జారి ఇరుక్కోవచ్చు.

వాళ్ళు నీకు ఇవ్వబోయే గుర్రం వయసు, ఛాతీ చుట్టుకొలత, పొడవు, జీను బరువు అడిగి నాకు రాయి, లెక్క నేను వేసి పంపిస్తాను. ఈ రాత్రి కడుపునిండా తిను. వదినగారికి నమస్కారాలు.

నీ స్నేహితుడు,
రామ్మూర్తి