11-1 ముందా, 1-12 ముందా?

ప్రియ మిత్రమా,

ఏరా, అంతా కులాసాయేనా? నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. ఆలస్యానికి కోపగించుకోకు. ఈ పది రోజులూ నేను పడ్డ పాట్లు చెబుతాను, నువ్వు అడిగినదానికి జవాబు వాటిలోనే ఉంది. డేటాబేసులో ఇండెక్స్‌ను చెట్టు అంటారెందుకు, అది చేసే పనేమిటి అని కదా నీ ప్రశ్న.

నిఘంటువు తిరగేసేటప్పుడు పుట పైన ఉన్న మాట చూసి, మనకు కావలసింది దానికి ముందుందో తర్వాతుందో తేల్చుకుంటాం. మిగతా పుటల జోలికే వెళ్లం. బి-ట్రీ, అంటే నువ్వడిగిన ఆ ఇండెక్స్ చెట్టు, చేసేదీ అదే. మేము వాడే డేటాబేసు సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో పేజీ, అంటే డిస్కు నుంచి ఒక్కసారిగా చదివే ముక్క, 8 కిలోబైట్లు. విలువలు చిన్నవైతే పేజీకి 300 పడతాయనుకో. అన్నిటికంటే పైనుండే వేరు పేజీ 300 పేజీలకు దారి చూపుతుంది, వాటిలో ఒక్కొక్కటి మరో 300 పేజీలకు. అంటే మూడు పేజీలు చదివితే చాలు, 2 కోట్ల 70 లక్షల విలువల్లో ఒకదాని దగ్గరికి చేరిపోతావు. ఇంకో అంతస్తు పెరిగితే 810 కోట్లు! ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అది పెరిగే తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. పేజీ నిండితే రెండుగా చీలి, వాటి మధ్య సరిహద్దు విలువను పై పేజీకి పంపుతుంది. పైదీ నిండితే అదీ చీలుతుంది. చివరికి వేరు పేజీకే ఆ వంతు వస్తే దాని నెత్తిన కొత్త వేరు పుడుతుంది. అందుకే ఆకులన్నీ, అంటే అట్టడుగు పేజీలన్నీ, ఎప్పుడూ ఒకే లోతులో ఉంటాయి. బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970లో దీన్ని రాసిపెట్టారు. ఐబీఎంలో కాడ్ అనే శాస్త్రవేత్త రిలేషనల్ నమూనాను, అంటే డేటాను టేబుళ్లుగా దాచే పద్ధతిని, ప్రకటించిందీ ఆ ఏడాదే. ఎక్కడో వేర్వేరుగా పుట్టిన ఆ రెండూ ఇప్పటికీ విడదీయరాని జంట.

ఇక నా కథ. మేము చూసేది ఇంటి పన్ను లెక్కల డేటాబేసు. పాత సర్వరు నుంచి కొత్తదానికి మారుతూ డేటా ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేశాం. మర్నాడు మధ్యాహ్నం ఒక పెద్దాయన పాత రసీదు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చారు. ఇంటి నెంబరు 1-12. వెతికితే అలాంటి ఇల్లే లేదంటోంది. ఆయన ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు! ఇండెక్స్ ముట్టుకోకుండా టేబుల్ మొత్తం వరసగా చదివించాను. ఉంది, నిక్షేపంలా ఉంది.

అక్షర క్రమం ఏమిటో మా పోస్ట్‌గ్రెస్ తనంతట తాను తేల్చుకోదు, లినక్స్‌లో ప్రోగ్రాములన్నీ పంచుకునే జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌తో ఆ క్రమం మారిపోయింది. మా పాత సర్వరులో ఉన్నది దానికి ముందుది, కొత్తదానిలో ఉన్నది మారిన క్రమం. అంతకుముందు మొదటి పోలికలో అడ్డగీతను పట్టించుకునేవారు కాదు. 1-12 అంటే 112, 11-1 అంటే 111, కనుక 11-1 ముందు. కొత్త పద్ధతిలో గీతకూ ఒక చోటుంది, అది అంకెలకంటే ముందు. కనుక 1-12 ముందు. అడ్డగీత లేని ఇంటి నెంబరు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లకుంటుంది చెప్పు!

చిన్నప్పుడు అక్షరమాలలో 'క్ష'ను 'ళ' తర్వాత, ఇంచుమించు చివర్లో వల్లించాం గుర్తుందా? నిఘంటువులో 'క్షణం' మాత్రం 'క' కింద ఉంటుంది. బళ్లో నేర్చిన వరసను నమ్మి చివరి పుటలు వెతికిన పిల్లవాడు ఆ మాటే లేదనుకుంటాడు. మా చెట్టు పాత వరసలో పేర్చి ఉంది, వెతికేవాడు కొత్త వరస పట్టుకుని దిగుతున్నాడు. పైపేజీలోనే పక్క కొమ్మకు తిరిగిపోతే ఇక ఆ ఇల్లు ఎలా కనబడుతుంది?

నన్ను బాగా కలవరపెట్టింది ఆ తర్వాత తెలిసిన సంగతి. లేదంటోంది కదా అని గుమాస్తా కొన్ని ఇళ్లను కొత్తగా ఎక్కించేశాడు. ఒకే నెంబరు రెండుసార్లు రాకుండా యునీక్ ఇండెక్స్ కాపలా ఉంది, నిజమే. కానీ ఆ కాపలా కూడా అదే చెట్టు దిగి చూస్తుంది. పాతది కంటబడకపోయేసరికి కొత్తదాన్ని రానిచ్చింది. మాది పాత వెర్షన్ కావడంతో ఒక్క హెచ్చరికైనా రాలేదు. ఇండెక్స్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించే ఆమ్‌చెక్ నడిపాకే వరస తప్పిందని తేలింది. రీఇండెక్స్ చేయబోతే, అంటే చెట్టును మళ్లీ కట్టబోతే, జంట నెంబర్లున్నంతవరకు కుదరదంది. రెండు రాత్రులు కూర్చుని, రసీదులు పక్కన పెట్టుకుని, ఏది అసలుదో ఏది కొసరుదో చేత్తో విడదీశాను. ఆ తర్వాతే చెట్టును తిరగకట్టాం. ఇంటి నెంబరు కాలమ్‌ను 'సి' అనే కొలేషన్‌లోకి, అంటే అక్షర క్రమంలోకి, మార్చాం. అది బైట్ల వరస, ఏ వెర్షన్ వచ్చినా మారదు. పెద్దాయనకు స్వయంగా ఫోను చేసి చెప్పాను.

మీరూ వచ్చే నెల సర్వరు మారుస్తున్నామని రాశావు. దయచేసి ఈ ఉత్తరం పక్కన పెట్టి, ముందు రెండు యంత్రాల్లోనూ జీలిబ్‌సీ వెర్షన్ చూడు. ఒకటి 2.28కి ఇటు, ఇంకొకటి అటు ఉంటే ఫైళ్లు కాపీ చేయకముందే నాకు ఫోను చెయ్యి. ఎంత పొద్దుపోయినా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ నేస్తం