ఈసారి మన టెక్ మీట్‌కి వంద రూపాయల టికెట్

శ్రీకాకుళంలో మన కంప్యూటర్ సెంటర్ ఏటా జరిపే ఒకరోజు టెక్ మీట్‌కి ఈసారి వంద రూపాయల టికెట్ పెడుతున్నాం. ఇన్నాళ్లూ ఉచితంగా నడిపాం కాబట్టి కారణం మీకు నేనే చెప్పాలి. కోర్సు ఫీజులు, ల్యాబ్ టైమింగులు, రిపేరు కౌంటరు ఏవీ మారలేదు.

ఇన్నాళ్లూ హాలు అద్దె మేమూ మా పాత విద్యార్థులూ కలిసి పెట్టుకునేవాళ్లం. భోజనాలు ఎవరో ఒక స్పాన్సర్ చూసేవారు. ఈసారి వేరే ఊరి శిక్షణ సంస్థ ఒకటి తనంతట తానే వచ్చింది. భోజనాలు, మైకు సెట్టు, ఐడీ కార్డులు అన్నీ మావే, బ్యానర్ మీద మా పేరు వేస్తే చాలన్నారు. సరే అన్నాను. హాలుకి అడ్వాన్సు కట్టాక ఫోన్ చేసి, పేరు రాయించుకున్న పిల్లల నంబర్లు, ఇంటర్ మార్కులు, తల్లిదండ్రుల నంబర్లు ఎక్సెల్ షీటులో పంపమన్నారు. అలా ఇవ్వమండీ అన్నాను. "అందరూ ఇస్తారు సార్, మీరొక్కరే కొత్తగా మాట్లాడుతున్నారు" అన్నాడు అవతలి మనిషి.

ఆ మాటకి వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. మా కౌంటర్లో నంబరు రాసిన తల్లి నన్ను చూసి రాసింది. రేపు ఆవిడకి పొద్దస్తమానం సీట్లు అమ్మే ఫోన్లు వస్తే ఆ పాపం ఎవరిది? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది ఆ వయసు వాళ్లే. అసలు చట్టం లేకపోయినా ఇచ్చేవాణ్ని కాదు. మర్నాడే వాళ్లు తప్పుకున్నారు, ఒక్క లైను మెసేజ్‌తో.

ఇక మిగిలినవి రెండు దారులు. టికెట్ పెట్టడం, లేదా భోజనం తీసెయ్యడం. దీని మీద రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఫాస్‌డెమ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ మీట్‌కి టికెట్టూ లేదు, పేరు రాయించుకోవడమూ లేదు, అయినా వేలమంది వస్తారు. యూనివర్సిటీ ఆవరణలో జరుగుతుంది, విరాళాలతో, స్పాన్సర్లతో, వాలంటీర్లతో నడుస్తుంది. తిండి మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కుంటారు. అందుకే వాళ్లకి ఎంతమంది వస్తారన్న లెక్క అక్కర్లేదు. మనకి కావాలి. రెండు రోజుల ముందు వంటమాస్టారు ఎన్ని ప్లేట్లని అడుగుతారు. ఉచితం అన్నప్పుడు ఊరికే పేరు రాయించుకుని రానివాళ్లు ఎక్కువ. నిరుడు పులిహోర, కూరలు గిన్నెల్లోనే మిగిలిపోయాయి.

భోజనం తీసేద్దామని మా కుర్రాళ్లు కొందరు అన్నారు. ఖర్చు లెక్కలో వాళ్ల మాట నిజమే. కానీ ఇచ్ఛాపురం నుంచి, పలాస నుంచి తెల్లారగట్ల బస్సెక్కి వచ్చే పిల్లలు సరిగా తినకుండానే బయల్దేరతారు. మధ్యాహ్నం వాళ్లని హోటళ్ల వెంట తిప్పితే వంద కన్నా ఎక్కువే అవుతుంది, పైగా సగంమంది తిరిగి హాల్లోకి రారు. మన ఊరికి వచ్చిన పిల్లల్ని అన్నం పెట్టకుండా పంపడం నా వల్ల కాదు. అందుకని భోజనం ఉంచి టికెట్ పెట్టాను.

టికెట్ పెట్టడం మనమేమీ కొత్తగా కనిపెట్టలేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల మీట్‌ని పైకాన్ అంటారు. 2009లో బెంగళూరులో మొదలైన పైకాన్ ఇండియాకీ టికెట్ ఉంటుంది. అమెరికా పైకాన్‌లో మాట్లాడేవాళ్లూ నిర్వాహకులూ కూడా టికెట్ కొనడం చాలా ఏళ్లు ఆనవాయితీగా నడిచింది, కొనలేనివాళ్లకి విడిగా సాయం ఉండేది. ఆ పద్ధతి నాకు నచ్చింది. హాల్లో కూర్చున్నవాళ్ల డబ్బుతో నడిస్తే ఆ మీట్ వాళ్లదే అవుతుంది, వేదిక మీద ఎవరు మాట్లాడాలో బ్యానర్ వేయించినవాడు చెప్పడు.

విషయం బయటికి రాగానే ఒకాయన కౌంటరు దగ్గరే, నలుగురి ముందూ, "మీరూ వ్యాపారం మొదలెట్టీసారేటండి?" అన్నారు. చాలా బాధనిపించింది. మేం వ్యాపారమే చేస్తున్నాం, సెంటర్లో. మీట్‌లో మాత్రం ఒక్క రూపాయి మిగుల్చుకోలేదు. జమాఖర్చులు ఎవరు అడిగినా చూపిస్తాం. ఈసారి మీట్ అయిన వారంలోపు బిల్లులతో సహా నోటీసు బోర్డుకి అంటిస్తాం. ఏమైనా మిగిలితే ల్యాబ్‌లో పిల్లల పుస్తకాలకే.

వంద ఇవ్వడం కష్టమైనవాళ్లు కౌంటర్లో నాతో ఒక్క మాట చెప్పండి చాలు. సర్టిఫికెట్లు అడగం, కారణం అడగం, అందరికిచ్చే టికెట్టే ఇస్తాం. ఇంకొకరి కోసం అదనంగా ఒకటి కొంటామన్న పాత విద్యార్థులు ఇప్పటికే కొందరున్నారు. రాలేకపోతే రెండు రోజుల ముందు చెప్పండి, డబ్బు తిరిగి ఇచ్చేస్తాం. వంటమాస్టారికి లెక్క ఇచ్చేశాక మాత్రం కుదరదు, దయచేసి ఒత్తిడి చేయకండి.

ఫోన్ నంబరు ఇవ్వాల్సిన పని లేదు, పేరు చాలు. సోమవారం నుంచి కౌంటర్లో టికెట్లు ఉంటాయి, నగదు గానీ ఫోన్‌పే గానీ. నాదీ, మా ఫ్యాకల్టీదీ, వాలంటీర్లదీ, మాట్లాడేవాళ్లదీ అందరిదీ వందే.