ఆదివారం చదవబోయే డూప్లెక్స్ గురించి

అందరికీ నమస్కారం. ఈ వారం జెరికో బ్రౌన్. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో పుట్టిన నల్లజాతి క్వీర్ (స్వలింగ ప్రేమను దాచుకోని) అమెరికన్ కవి. ఆయన కవితా సంపుటి ‘ద ట్రెడిషన్’ (2019)కి 2020లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో డూప్లెక్స్ అనే పేరుతో ఉన్న మొదటి పద్యం ముందే చదువుకుని రండి.

డూప్లెక్స్ అనే పద్యరూపం ఆయన సృష్టే: సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం), గజల్, బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాట) మూడూ కలిసినది. 14 పాదాలు, అంటే ఏడు ద్విపదలు. పాదానికి 9 నుంచి 11 సిలబుల్స్. రెండో పాదం కొద్దిగా మారి మూడోదవుతుంది, నాలుగోది అయిదోదవుతుంది, అలా సాగి చివరికి మొదటి పాదమే తిరిగొస్తుంది. విడిచిన పదాన్నే మళ్లీ అందుకుంటూ సాగే మన ముక్తపదగ్రస్తం గుర్తొస్తే తప్పులేదు, కాకపోతే ఇక్కడ పట్టుకునేది పదాన్ని కాదు, దాదాపు పాదం మొత్తాన్ని.

మనం చదివే పద్యంలో తొలి ప్రేమికుడు తండ్రంత పొడగరి అని ఒక పాదం. మరుసటి ద్విపదలో అవే మాటలు కాస్త అటూ ఇటూ అయి, తండ్రే కర్త అవుతాడు. వెంటనే దెబ్బల ప్రస్తావన. ఇద్దరికీ ఇంగ్లీషులో ఒకటే సర్వనామం. అనువదించేటప్పుడు తెలుగులో ఒకరిని ‘అతను’, మరొకరిని ‘ఆయన’ అన్నామా, ప్రేమికుడి మీద పడిన తండ్రి నీడ చెదిరిపోతుంది. ఇద్దరికీ ‘అతనే’ ఉంచండి, లేదా సర్వనామమే ఎత్తేయండి. తెలుగులో అది సులువే.

సొంతంగా డూప్లెక్స్ రాసేవాళ్లకు: తెలుగు పాదం 11 అక్షరాల్లో ఇమడదు, 16 దాకా వెళ్లండి. పాదాన్ని మక్కీకి మక్కీ తిప్పితే పల్లవిలా మోగుతుంది. ఒక్క మాటైనా మార్చండి, అర్థం పక్కకు జరగాలి.

ఆయన మరో సంపుటి ‘ద న్యూ టెస్టమెంట్’ (2014), అందులోని బైబిల్ సంగతులు వచ్చే వారానికి.