టోక్యో వెళ్లేవాళ్లకు ఆ యుద్ధం బొమ్మల గురించి కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో జపాన్ యాత్ర మీద వేసిన వ్యాసం చదివాను. బులెట్ ట్రైను, చెర్రీ పూలు, గుళ్లు, తిండి అన్నీ బాగానే రాశారు. టోక్యోలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దగ్గరకొచ్చేసరికి మాత్రం "చిత్రకళ మీద ఆసక్తి ఉన్నవాళ్లు చూడొచ్చు" అని ఒక్క ముక్కతో దాటేశారు. దీనికి నేను ఒప్పుకోను. బొమ్మల గురించి ఓనమాలు తెలియనివాళ్లు కూడా, జపాన్ ఎలాంటి దేశమో తెలుసుకోవాలని ఉంటే చాలు, ఒక పూట అక్కడ గడపాల్సిందే.

మోడర్న్ ఆర్ట్ అనగానే మనలో చాలామందికి అర్థంకాని గీతలు, రంగు మరకలు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంటుంది. ఇక్కడ ఆ భయం అక్కర్లేదు. 1952లో పెట్టిన మ్యూజియం ఇది, 1969లో ఇప్పుడున్న బిల్డింగులోకి మారింది, చక్రవర్తి ప్యాలెస్ కందకానికి ఎదురుగా ఉంటుంది. 19వ శతాబ్దం చివరి నుంచి మొన్నమొన్నటిదాకా గీసినవి, చెక్కినవి 13 వేలకు పైగా ఉన్నాయి, వాటిలో ఒక విడతకు 200 దాకా పెడతారు. ముందు లిఫ్టులో నాలుగో అంతస్తుకు వెళ్లి అక్కడి నుంచి కిందికి దిగుతూ చూడాలి, దాదాపు కాలక్రమంలోనే ఉంటాయి. పేరు, సంవత్సరం ఇంగ్లిషులో కూడా రాసి ఉంటాయి.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా యుద్ధం బొమ్మల గురించి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం, నౌకాదళం పేరున్న చిత్రకారులను పిలిచి, కొందరిని యుద్ధరంగానికే పంపి, పెద్దపెద్ద బొమ్మలు వేయించాయి. వాటిని ఊరూరా తిప్పి జనానికి చూపించారు. యుద్ధం ముగిశాక అమెరికన్ సైన్యం వాటిని పోగుచేసి 1951లో ఓడెక్కించి తీసుకుపోయింది. 1970లో 153 బొమ్మలు తిరిగొచ్చాయి, అదీ ఇచ్చేసినట్టు కాదు, గడువు లేని అప్పుగా! అవన్నీ ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. 1977లో వాటిని చూపిస్తామని ప్రకటించి ఆఖరి నిమిషంలో మానుకున్నారు కూడా. ఇప్పుడు విడతకు కొన్ని చొప్పున మిగతా బొమ్మల మధ్యనే గోడకు పెడుతున్నారు.

వాటిలో ఫుజితా అనే చిత్రకారుడు వేసిన 'అట్టు ద్వీపంలో ఆఖరి పోరు' ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఫుజితా 1913లో పారిస్ వెళ్లి, పాలమీగడ లాంటి తెలుపుతో స్త్రీల బొమ్మలు వేసి అక్కడ గొప్ప పేరు తెచ్చుకున్నవాడు. అలాంటివాడు 1943లో వేసిన బొమ్మ ఇది. ఆ ఏడాది మే నెలలో అలాస్కా దగ్గరి ఆ చిన్న దీవిలో రెండు వేలమందికి పైగా జపాన్ సైనికులు దాదాపు ఒక్కరూ మిగలకుండా చనిపోయారు. బొమ్మంతా బురద రంగు, మనుషుల మీద మనుషులు, బయొనెట్లు, నోళ్లు తెరుచుకున్న ముఖాలు, ఎవరు జపాన్ వాళ్లో ఎవరు అమెరికన్లో పోల్చుకోవడం కష్టం, వెనక మంచుకొండలు, కింద ఒక మూల చిన్నచిన్న పూలు. అప్పట్లో దీని ముందు జనం చేతులు జోడించి, చిల్లర డబ్బులు వేసి మొక్కారట. ఇది యుద్ధాన్ని పొగిడే బొమ్మా, యుద్ధమంటే అసహ్యం పుట్టించే బొమ్మా అని ఇప్పటికీ వాదనలున్నాయి. నాకైతే అది వేయించినవాళ్లు అడిగినదాన్ని దాటి ఎక్కడికో పోయిందనిపించింది. కానీ అది సైన్యం కోసం వేసిన బొమ్మ అన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు. యుద్ధం తర్వాత జపాన్‌లో అందరూ వేలెత్తి చూపితే ఫుజితా 1949లో దేశం వదిలి వెళ్లిపోయాడు, ఫ్రెంచ్ పౌరుడయ్యాడు, మళ్లీ తిరిగి రాలేదు.

ఇదే మ్యూజియంలో యొకొయామా తైకాన్ అనే చిత్రకారుడు సిరాతో వేసిన, చాపలా చుట్టిపెట్టే 40 మీటర్ల పొడవైన బొమ్మ ఉంది. ఒక నీటిబొట్టు వాగై, నదై, సముద్రమై మళ్లీ ఆకాశంలో కలిసిపోయే కథ. 1923 సెప్టెంబరు 1న, టోక్యోను నేలమట్టం చేసిన భూకంపం వచ్చిన రోజునే, దాన్ని మొదటిసారి ప్రదర్శనకు పెట్టారు. (తైకాన్ 1903లో కలకత్తా వచ్చి టాగూర్ కుటుంబంతో స్నేహం చేసినవాడు, మన పాఠకులకు ఇది తెలియాలి.) నీటిబొట్టు కథ చెప్పిన ఆ మనిషే 1940లో తన బొమ్మలు అమ్మిన డబ్బు సైన్యానికి, నౌకాదళానికి విమానాల కోసం ఇచ్చేశాడు. అది తెలిశాక ఆ పొడవాటి బొమ్మ గురించి నా మనసు రెండుగా చీలిపోయింది, ఇంకా అతుక్కోలేదు.

ఇక మాత్సుమోతో షున్సుకే అనే ఇంకో చిత్రకారుడు. చిన్నప్పుడే జబ్బు చేసి వినికిడి పోయింది. కళ సైన్యం చెప్పినట్టు నడవాలని 1941లో అధికారులు అంటే, బతికున్న చిత్రకారుడిగా నేనిలా అనుకుంటున్నానని పత్రికకు వ్యాసం రాసి ఎదురు చెప్పాడు, అదీ ఆ రోజుల్లో! 1943లోనే, అంటే ఫుజితా శవాల గుట్ట వేసిన ఏడాదిలోనే, ఈయన యొకొహామాలో ఒక మామూలు వంతెన బొమ్మ వేశాడు. అరుపుల్లేవు, ఆయుధాల్లేవు. బాంబుదాడుల తర్వాత శిథిలమైన అదే వంతెనను మళ్లీ వేశాడు, ఆ బొమ్మ క్యోటో మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. 1948లో, 36 ఏళ్లకే చనిపోయాడు. మ్యూజియం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది షున్సుకే వంతెన. ఎంతమంది దాని ముందు ఆగకుండా వెళ్లిపోతున్నారో చూస్తే బాధేసింది, అందుకే పని గట్టుకుని రాస్తున్నాను.

దయచేసి ఈ మ్యూజియం మీద, కనీసం ఆ యుద్ధం బొమ్మల మీద, ఒక పూర్తి వ్యాసం వేయించండి. వేసేటప్పుడు ఈ నాలుగు వివరాలు కూడా ఇవ్వండి: తోజాయ్ మెట్రో లైనులో తకెబాషి స్టేషన్లో దిగితే మూడు నిమిషాల నడక, సోమవారాలు సెలవు, సోమవారం పండగొస్తే తెరిచి మర్నాడు మూస్తారు. బొమ్మలు విడతలవారీగా మారుస్తుంటారు కాబట్టి ఫుజితా బొమ్మో షున్సుకే వంతెనో చూడాలని వెళ్లేవాళ్లు ఆ విడతలో ఏమేం పెట్టారో మ్యూజియం వెబ్‌సైట్‌లో ముందే చూసుకోవాలి. నోట్సు రాసుకునే అలవాటు ఉంటే పెన్సిల్ తీసుకెళ్లాలి, లోపల పెన్ను వాడనివ్వరు.

ఇట్లు,
మీ పాఠకుడు